పోయిందో లేదో తెలియని వాసన

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి నేనెప్పుడూ దాచుకోలేదు. చిన్నప్పుడు మా నరసాపురం వైపు పల్లెలో చేపలావిడ గంప దించితే, మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయో లేదో నేను చూసేదాకా అమ్మని కొననిచ్చేదాన్ని కాదట. "అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మా ఇంట్లోనే పుట్టింది" అనేది అమ్మ. ఇప్పుడు స్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలెవరైనా లెక్క ఒక్క తప్పూ లేకుండా చేసుకొస్తే మెచ్చుకోవడానికి ముందు, పక్కవాళ్ళ పుస్తకం తెమ్మంటాను. తిట్టుకుంటారని తెలుసు, అయినా అంతే.

అలాంటి నాకు కిందటేడు ఆషాఢంలో ఒక బుధవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, తణుకులో మా ఇంటి గేటు తీసేసరికి లోపలి నుంచి సాంబ్రాణి పొగ ఎదురొచ్చింది. మా ఇంట్లో సాంబ్రాణి వేసేది శుక్రవారం. అదీ దీపం పెట్టే వేళకి, చిటికెడు. ఇది వీధి గుమ్మం దాకా వచ్చిన పొగ. కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి, బయట జల్లు కొడుతున్నా సరే. మా అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"ఏంటండీ ఇవాళ?" అన్నాను.

"ఏం లేదమ్మాయ్. వానకి ఇల్లంతా ముక్కిపోయిన వాసన కొడుతోందని" అన్నారు. అని ఊరుకోలేదు. నా మొహంలోకి పరీక్షగా చూసి, "ఏమైనా వాసనొస్తోందా?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పాలంటే మా ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి.

మాది చేపల ఇల్లు. మా ఆయన వాళ్ళది కార్తీకం వస్తే ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి రాని ఇల్లు. ఇద్దరం బి.ఎడ్.లో కలిసి చదువుకుని ఇష్టపడి చేసుకున్నాం. పెళ్ళయి వచ్చిన వారంలోనే అత్తయ్యగారు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి రేకుల షెడ్డు చూపించారు. అక్కడొక చిన్న స్టవ్వు, మూకుడు, రెండు గిన్నెలు, గరిటె. "నీకు తినాలనిపించినప్పుడు ఇక్కడ వండుకో అమ్మాయ్. మానుకోమని నేననను. ఈ గిన్నెలు మాత్రం లోపలికి రాకూడదు" అన్నారు. ఆ గిన్నెలకి ఆవిడ పెట్టిన పేరు నీచు గిన్నెలు. చేపకీ మాంసానికీ ఉండే వాసనని మా వైపూ నీచు అనే అంటాం. కానీ ఆవిడ నోట వింటే ఆ మాట గిన్నె దగ్గర ఆగకుండా నా దాకా వచ్చినట్టుండేది.

నెలకో ఆదివారం వండుకునేదాన్ని. వండి, తిని, గిన్నెలు తోమి, పెరటి పంపు దగ్గరే స్నానం చేసి లోపలికి వస్తుంటే, ఆవిడ గుమ్మం దగ్గర గిన్నెలో శనగపిండీ అరచెక్క నిమ్మకాయా పెట్టి ఉంచేవారు, చేతులు రుద్దుకోవడానికి. ఒక్కసారి కూడా మాట తూలలేదు. ఈ డెల్టాలో మర్యాదకి కొదవేం ఉంటుంది? గారూ, అండీ చేర్చి ఏ మాటైనా మెత్తగా అప్పజెప్పగలరు. తిడితే తిరిగి తిట్టేదాన్ని. శనగపిండి ఇస్తే ఏం చేస్తాం, రుద్దుకున్నాను. ఇరవై రెండేళ్ళు రుద్దుకున్నాను.

అందుకని ఆవిడ "ఏమైనా వాసనొస్తోందా?" అనగానే నాకు ముందటి ఆదివారం గుర్తొచ్చింది. ఆ ఆదివారమే షెడ్డులో చేపల పులుసు పెట్టాను. మూడు రోజుల తర్వాత సాంబ్రాణా! ఉక్రోషం వచ్చింది.

"నాకేం రావట్లేదండి. మాది చేపలు తినే ముక్కు కదా" అన్నాను.

ఆవిడ మొహం తేలికపడింది. "పోనీలే" అని లోపలికెళ్ళిపోయారు. నన్ను గెలిచానని సంతోషించారు అనుకున్నాను.

మర్నాటి నుంచి నా పని అదే అయింది. పొద్దున్న ఎనిమిదింటికి కేరేజీలు కట్టుకుని నేనూ ఆయనా వెళ్ళిపోతాం. ఆయన రాజమండ్రి కాలేజీకి, నేను ఊరి చివర స్కూలుకి. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా వంటిల్లు ఆవిడది. మధ్యాహ్నం తన మట్టుకు అన్నం, చారు. మూడింటికి పాలు కాచి మాకు కాఫీకి సిద్ధంగా ఉంచుతారు. ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు అక్కడేం జరుగుతోందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు చెత్తబుట్ట మూత ఎత్తి చూడటం మొదలుపెట్టాను.

గురువారం నిమ్మచెక్కలు, ఆరు. శుక్రవారం దాల్చినచెక్కా లవంగాలూ ఉడికించి పారేసిన పిప్పి. శనివారం స్టవ్వు వెనకాల, మూలకి, చిన్న స్టీలు గిన్నెలో వెనిగర్. ఇంట్లో వెనిగర్ అన్నదే లేదు, అంటే పనిగట్టుకుని కొనిపించారన్నమాట. శనగపిండి డబ్బా నెలకి సరిపోయేది, పది రోజులకే అడుగంటింది. ఫ్రిజ్ మీద గిన్నెలో కాఫీ పొడి, అరమరలో బొగ్గు ముక్కలు. ఒకరోజు కిటికీ తెరలు ఉతికి ఆరేసి ఉన్నాయి, ఆ వానలో. నేలంతా పసుపు నీళ్ళు చల్లి తుడిచిన మరకలు. ఇంట్లో ఉన్న వాసన పోగొట్టడానికి మన పెద్దవాళ్ళకి తెలిసిన విద్యలన్నీ వరసపెట్టి జరుగుతున్నాయి. ఏ వాసన పోగొట్టడానికో నాకు ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నాను.

నేను పొద్దున్న వండి వెళ్ళిన వంటిల్లు, నేను వెళ్ళగానే శుద్ధి చేస్తున్నారు. ఇదీ నేను కట్టిన లెక్క. అన్ని అంకెలూ సరిపోయాయి.

స్టాఫ్ రూమ్‌లో తెలుగు మేడమ్‌కి చెప్పాను. ఆవిడ టిఫిన్ బాక్సు మూత పెడుతూ, "నిప్పు లేనిదే పొగ రాదండి. పెద్దవాళ్ళకి వయసొచ్చే కొద్దీ చాదస్తం ఎక్కువవుతుంది. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నారు. మనసులో పెట్టుకోవద్దని చెప్పేవాళ్ళు చేసే పనే అది, మనసులో పెట్టి వెళతారు. పక్కింటావిడ మరీను. గేటు దగ్గర ఆపి, "ఇంట్లో ఏమైనా విశేషమాండీ? రోజూ సాంబ్రాణి పొగ వస్తుంటే, ఎవరైనా బాలింత వచ్చిందేమో అనుకున్నాం" అంది. మా అమ్మాయికి ఇంకా పెళ్ళే కాలేదు, హాస్టల్లో చదువుకుంటోంది. నా ఒళ్ళు మండింది.

మా ఆయనతో అంటే పేపర్ మడిచి పక్కన పెట్టి, "అమ్మ అలాంటిది కాదు" అన్నారు. మళ్ళీ పేపర్ చేతిలోకి తీసుకుంటూ, "నీ బాధా నాకు అర్థమవుతుంది" అన్నారు. ఆయన గోడ మీద పిల్లి. ఎటు దూకినా కాళ్ళు నొప్పెడతాయని ఆ గోడ మీదే కాపురం పెట్టారు.

ఈలోగా ఆవిడ ప్రశ్న మాత్రం ఆగలేదు. నేను చెప్పులు విప్పుతుండగానే అడిగేవారు. "ఏమైనా వాసనొస్తోందా అమ్మాయ్?" నేనూ ప్రతిసారీ విరుపుగానే చెప్పేదాన్ని. "నాకేం తెలుస్తుందండీ? ఏం రావట్లేదు." నిజం చెప్పాలంటే ఒక్కోరోజు సాంబ్రాణి కింద, నిమ్మ కింద, ఇంకేదో సన్నగా తగిలేది. అదేంటా అని నేను ఆలోచించలేదు. నా కోపంలో నేను వేరే వాసనలు పట్టించుకునే స్థితిలో లేను.

తర్వాత పాలగిన్నె మాయమైంది.

అది మామూలు గిన్నె కాదు. మందపాటి అడుగుతో, లీటరున్నర పట్టేది, ఆవిడ కాపురానికొచ్చినప్పటిది. వెతికాను. అరమరలో లేదు, అటక మీద లేదు. అడిగితే, "ఎక్కడో పెట్టి ఉంటాను, కనిపిస్తుందిలే" అన్నారు, నావైపు చూడకుండా. నేను ఇంక రెట్టించలేదు. ఎందుకంటే ఆ గిన్నె విషయంలో నేనొక తప్పు చేసి ఉన్నాను. వేసవి సెలవుల్లో మా అమ్మాయి జ్వరపడి లేస్తే, అత్తయ్యగారు మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ఆ గిన్నెలోనే రెండు కోడిగుడ్లు ఉడకబెట్టాను. పెరట్లోకి వెళ్ళడానికి ఎండ మంట, ఓపిక లేక. తర్వాత మూడుసార్లు తోమాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది నేనే. ఆవిడకి తెలిసిపోయింది, గిన్నె పారేశారు, అందుకే ఇదంతా. అనుమానం కాస్తా రుజువైపోయినట్టే అనిపించింది.

తప్పు నాదని సిగ్గుపడాల్సింది పోయి, కోపం ఇంకా పెరిగింది. ఒక గుడ్డు తగిలితే యాభై ఏళ్ళ గిన్నె పారేస్తారా? మరి నేను తగిలిన కొడుకుని ఏం చేస్తారు? ఇలాంటి మాటలు లోపల బాగా తయారుచేసుకున్నాను. అనలేదు. అనే బదులు ఒక పని చేశాను. ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి వెనకాడుతోంది.

అది రెండో శనివారం. స్కూలు లేదు. ఆయనకి కాలేజీలో ఏదో పని ఉండి రాజమండ్రి వెళ్ళారు. అత్తయ్యగారు పక్కింటావిడతో కలిసి పెనుగొండ అమ్మవారి గుడికి బయల్దేరారు, మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చేస్తామని. వాళ్ళు తిరిగొచ్చే వేళ లెక్కేసుకుని, పదకొండు దాటాక నేను పెరట్లోకి వెళ్ళి షెడ్డులో డబ్బా తెరిచాను. అమ్మ పంపించిన ఎండు నెత్తళ్ళు. వేలెడేసి ఉండే సన్న చేపలు, ఉప్పు పట్టించి ఎండబెట్టినవి. తినేవాళ్ళకి అమృతం. తినని వాళ్ళకి దాని వాసన ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వేయిస్తే వీధి చివర పిల్లులు కూడా లేస్తాయి.

ఆ డబ్బా తీసుకుని ఇంట్లోకి వచ్చాను. ఆవిడ వంటింట్లోకి. నీచు మూకుడు ఆవిడ స్టవ్వు మీద పెట్టాను. కిటికీ తలుపులు నా చేత్తోనే వేశాను. ఫ్యాను వేయలేదు. ఇన్నాళ్ళూ లేని వాసనకి శుద్ధి చేశారుగా, ఇప్పుడు ఉన్న వాసనకి చేసుకోండి అని. నూనె కాగింది, నెత్తళ్ళు వేశాను. ఆకలి కూడా లేదు.

పదకొండున్నరకే గేటు చప్పుడైంది. గుడిలో రద్దీ లేదట, తొందరగా వచ్చేశారు. పక్కింటావిడ వాళ్ళ ఇంటికి వెళ్ళిపోయినట్టుంది, అత్తయ్యగారొక్కరే కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. నేను మూకుడు మీద మూత పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. తీరా ఆ క్షణం వచ్చేసరికి భయమేసింది. ఇల్లంతా నెత్తళ్ళ వాసన, హాల్లో సోఫాకి కూడా పట్టేసి ఉంటుంది. ఇవాళతో తేలిపోతుంది అనుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆవిడ ప్రసాదం పొట్లం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. సరిగ్గా స్టవ్వు పక్కకి వచ్చి నిలబడ్డారు. మూకుడు మూత సందుల్లోంచి పొగ లేస్తోంది. ఆవిడ ఊపిరి బాగా లోపలికి పీల్చారు. మొహం నిండా నవ్వు తెచ్చుకున్నారు.

"కమ్మటి వాసనొస్తోంది. వడియాలు వేయిస్తున్నావా అమ్మాయ్?" అన్నారు.

వెటకారం అనుకున్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ వెటకారం చేశారు అనుకున్నాను. ఆవిడ మొహంలో దాన్ని వెతికాను. దొరకలేదు. ఆవిడ అరమరలోంచి కంచం తీసుకుంటున్నారు. "ఆకలేస్తోంది. నాకూ నాలుగు పెట్టు, పెరుగన్నంలో నంజుకుంటాను" అంటూ పీట వాల్చుకున్నారు.

నేను స్టవ్వు ఆర్పేశాను. ఆవిడ కంచంలో అన్నం వడ్డించుకుని, పెరుగు వేసుకుని, చెయ్యి చాపి నావైపు చూస్తున్నారు. ఏం పెట్టను? డబ్బాలో వడియాలు ఉన్నాయి, ఇంకో మూకుట్లో వేయించి పెట్టేయొచ్చు. నెత్తళ్ళు పెరట్లోకి విసిరేయొచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు అన్న మాట మనసులో అనుకున్నాకే నాకు అసలు సంగతి తెలిసింది.

"అత్తయ్యగారూ, అవి వడియాలు కావండి. ఎండు నెత్తళ్ళు" అన్నాను.

ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"చేపలండి. నేనే కావాలని ఇక్కడ వేయించాను. మీ మీద కోపంతో."

నా మీద విరుచుకుపడతారని చూశాను. కంచం విసురుతారని, స్నానానికి పరిగెడతారని చూశాను. ఆవిడ నన్ను చూడనే లేదు. "ఎంత వాసనొస్తోంది?" అని అడిగారు.

"ఇల్లంతా అండి. వీధి గుమ్మం దాకా."

ఆవిడ లేచారు. మెల్లగా స్టవ్వు దగ్గరికొచ్చి కొంగు చివరతో మూత పట్టుకుని పక్కన పెట్టారు. పెరట్లో నేను వండుతుంటే ఇంటి ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకునే మనిషి, ఆ మూకుడు మీదకి మొహం వంచారు. ఒకసారి పీల్చారు. ఇంకోసారి, కళ్ళు మూసుకుని పీల్చారు. పొగకి దగ్గొచ్చింది కానీ మొహంలో ఇంకే మార్పూ రాలేదు.

"ఏం లేదమ్మాయ్. ఏమీ లేదు" అన్నారు. అని ఆ స్టవ్వు గట్టు పట్టుకునే ఏడ్చారు.

నేను అత్తగారి ఏడుపు చూడటం అదే మొదలు. ఏం చేయాలో తెలియక మంచినీళ్ళిచ్చాను. తాగలేదు. నా చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి మంచం కింద నుంచి ఒక పాతచీర మూట లాగారు. విప్పితే పాలగిన్నె. అడుగంతా నల్లగా, బొగ్గులా మాడి ఉంది. దాంతోపాటు ఇంకో రెండు గిన్నెలు, అదే వరసలో.

"మొన్న చలికాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పటి నుంచి వాసన తెలియట్లేదు" అన్నారు. "తగ్గుతుందిలే అనుకున్నాను. పాలు పెట్టి ఇటు తిరిగితే అటు మాడిపోతున్నాయి. ఇదివరకు పక్కగదిలో ఉన్నా ముక్కే లేపేది. ఇప్పుడు పొగ కనిపిస్తే గానీ తెలియట్లేదమ్మా. మీరొచ్చేలోగా ఆ మాడు వాసన పోగొట్టాలని ఏవేవో వేసేదాన్ని. పోయిందో లేదో నాకు తెలీదు కదా. అందుకని అన్నీ వేసేదాన్ని."

"మాకు చెప్పకూడదాండీ?"

"చెబితే పొయ్యి దగ్గరికి రానిస్తారా? మండపేటలో మా అక్కని చూశాంగా. చెయ్యి వణుకుతోందని ఒకసారి అన్నందుకు, వద్దులే అత్తయ్యా అని కూచోబెట్టేశారు. మంచివాళ్ళే, ప్రేమతోనే. ఇప్పుడు కాఫీ ఎప్పుడిస్తారా అని హాల్లో కూచుని వంటింటి వైపు చూస్తుంటుంది. నాకలా బతకాలని లేదు" అన్నారు. కళ్ళు తుడుచుకుని, "అందుకే రోజూ నిన్నడిగేదాన్ని. నువ్వు మొహం మీద చెప్పేస్తావు, ఉంటే ఉందంటావు. ఏం రావట్లేదన్నావంటే, హమ్మయ్య, ఇవాళ్టికి పోయింది అనుకునేదాన్ని" అన్నారు.

నేను విరుపుగా విసిరిన జవాబులు! సన్నగా మాడు వాసన ముక్కుకి తగులుతున్నా, ఆవిణ్ణి ఎత్తిపొడవాలని ఏం రావట్లేదన్నాను. వాటిని పట్టుకుని ఆవిడ రోజులు గడుపుకున్నారు. మాగాయ ఊరిందో లేదో చూసి చెప్పమని వేసవిలో అడిగితే, పని నా నెత్తిన వేస్తున్నారనుకున్నాను. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను కట్టిన లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు, లెక్కే తప్పు. సిగ్గేసింది. గుడ్డు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. "చూశాను. పెంకు తూములో అడ్డం పడితే తీశాను. పిల్లకి ఒంట్లో బాలేదు కదా అని ఊరుకున్నాను" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కలిసి నెత్తళ్ళ వాసన పోగొట్టాం. ఆవిడేం మారిపోలేదు. "నీచు నీచే. ఆ మూకుడు ముందు పెరట్లో పెట్టిరా" అన్నారు, నేను పెట్టి వచ్చేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. తర్వాత పీట వేసుకుని కూర్చుని చెబుతుంటే నేను చేశాను. స్టవ్వు గట్టు మీద శనగపిండి చల్లి పీల్చుకోనిచ్చి తుడవాలట, తడిగుడ్డ ముందే పెడితే వాసన రాయిలోకి దిగుతుందట. తెరలు నీళ్ళలో ముంచే ముందు గాలికి దులపాలట. సాంబ్రాణి అన్నిటికంటే ఆఖర్న. నేను ప్రతిదానికీ ముక్కు పెట్టి చూసి, "ఇంకా ఉందండి", "ఇక్కడ తగ్గిందండి" అని చెబుతూ వచ్చాను. అంత విద్య తెలిసిన మనిషి, చిన్నపిల్లలా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం ఆయన వచ్చారు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "ఏంటీ వాసన? ఎండుచేపా?" అన్నారు నావైపు అనుమానంగా చూస్తూ.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్యగారు, "నాకేం రావట్లేదురా" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే మళ్ళీ కళ్ళు తడిశాయి. ఇక దాచడం అయ్యే పని కాదు. దాచకూడదు కూడా, పాలంటే పాలు, రేపు గ్యాస్ లీకైనా ఆవిడకి తెలియదు. జరిగిందంతా నేనే చెప్పాను. ఆయన గాభరా పడిపోయారు. తల్లి పక్కన కూర్చుని, "ఎందుకమ్మా నీకీ అవస్థ? ఇక వంటింట్లోకి వెళ్ళకు. వంటమనిషిని పెట్టుకుందాం. నువ్వు హాయిగా కూచో" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు.

"సరే నాన్నా" అన్నారావిడ. లేచి వెళ్ళి హాల్లో కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తీసి, కొంగు చివర మడతలు పెట్టడం మొదలుపెట్టారు.

"రోజూ మూడింటికి పాలెవరు కాస్తారు?" అన్నాను ఆయనతో.

"నువ్వు..."

"నాకు కుదరదు. ఆవిడే కాస్తారు. టైమవగానే దానంతటదే ఆగిపోయే కరెంటు స్టవ్వు ఒకటి తీసుకురండి. గ్యాస్ నేనున్నప్పుడే వెలిగిద్దాం. వంటమనిషి ఎవరూ ఈ ఇంట్లోకి రావక్కర్లేదు" అన్నాను. నా గొంతు పెద్దదే. ఆయన ఒక్కసారి అమ్మ వైపు, ఒక్కసారి నావైపు చూసి, సోమవారం నాటికి స్టవ్వు తెచ్చారు. రాజమండ్రిలో ముక్కు డాక్టరుకి కూడా చూపించాం. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన.

కొత్త స్టవ్వు మీద కూడా కూర మాడుతుంది. టైము ఎక్కువ పెడితే ఏదైనా మాడుతుంది. మొన్నొకరోజు నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు. చెప్పులు కూడా విప్పనివ్వకుండా నా చెయ్యి పట్టుకున్నారు.

"వంకాయ అడుగంటింది. కడిగేశాను. వాడికి ఫోన్ చేసి ఇంట్లో ఏమైనా వాసనుందేమో వచ్చాక చూడమంటే, ఏముండదులేమ్మా అంటాడు, అక్కడ కూచుని. పక్కింటావిణ్ణి పిలిచి చూడమన్నాను. అబ్బే, ఏం లేదండీ అంది. ఆవిడ మర్యాద మనిషి, నేను నమ్మను. నువ్వు చెప్పమ్మా."

లోపలికెళ్ళాను. హాలు, నడవ, వంటిల్లు. తుడిచి, కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, డెబ్బై రెండేళ్ళ మనిషి ఎంత శ్రమ పడాలో అంతా పడి ఉన్నారు. మాడు వాసన ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎదుటివాళ్ళ మొహాన మాట అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆవేళ మాత్రం స్టవ్వు దాకా వెళ్ళి ఇంకోసారి వాసన చూశాను.

"ఉందండి" అన్నాను.